తాళం తీసిన చేయి

మీ డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌ని ఒకసారి గుర్తు చేసుకోండి. గోడవారగా అద్దాల బీరువా. లోపల గుడ్డ కప్పిన స్పెక్ట్రోమీటరు. బీరువాకి తాళం. తాళంచెవి ల్యాబ్ అటెండర్ జేబులోనో, హెచ్‌ఓడీ గారి టేబుల్ సొరుగులోనో ఉంటుంది. ప్రాక్టికల్ పరీక్షలకి ఎక్స్‌టర్నల్ వస్తున్నారంటే ఆ పరికరం బయటికొస్తుంది. సాయంత్రానికల్లా మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. పగిలితే ఎవరు కట్టాలన్నది అటెండర్ భయం. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయకండి. ప్రిజం అంచు చిట్లితే కొత్తది రావడానికి ఇండెంటు, కొటేషన్లు, సంతకాలు... మీ బ్యాచ్ పాసై వెళ్లిపోతుంది గానీ ప్రిజం రాదు. కాబట్టి తాళం వేయడం తెలివైన పనిలాగే కనిపిస్తుంది.

సర్ సి.వి. రామన్ కథ మీకు కొత్త కాదు. ఏటా ఫిబ్రవరి 28న ఓడ ప్రయాణం, నీలి సముద్రం, నోబెల్ గురించి వింటూనే ఉంటారు. ఈసారి అదే జీవితాన్ని తాళంచెవి వైపు నుంచి చూద్దాం.

రామన్ చదువు మొదలైంది మన విశాఖపట్నంలోనే. 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర పుట్టారు. ఆయనకు నాలుగేళ్లప్పుడు తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖలోని ఏవీఎన్ కాలేజీకి లెక్చరర్‌గా వచ్చారు. చెప్పేది లెక్కలు, ఫిజిక్స్. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ గట్టెక్కిన కుర్రాడు, 1903లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బీఏలో చేరాడు. పక్కన కూర్చున్నవాళ్లంతా తనకంటే నాలుగైదేళ్లు పెద్ద. మరుసటి ఏడాదే ఫస్ట్ ర్యాంకు, ఫిజిక్స్‌లో బంగారు పతకం.

అక్కడ రామన్‌కి దొరికిన అదృష్టం ర్యాంకు కాదు, ప్రొఫెసర్ జోన్స్. ఎంఏలో ఆయన రామన్‌ని క్లాసులకి రమ్మని పట్టుబట్టలేదు. ల్యాబ్‌లో నీకు తోచింది చేసుకో అని వదిలేశారు. ప్రిజం కోణం కొలవడం మామూలు ప్రయోగం, మీరూ చేసే ఉంటారు. రీడింగులు రాసుకుని, రికార్డు దిద్దించుకుని ఇంటికెళ్లిపోతాం. రామన్ అలా వెళ్లలేదు. ప్రిజం మీద కాంతి బాగా ఏటవాలుగా పడినప్పుడు పక్కన కనిపించిన చారలు రెండువైపులా ఒకేలా లేవని గమనించాడు. పరీక్షకి సంబంధంలేని ఆ చారల వెంట పడ్డాడు. 1906లో లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో దాని మీద వ్యాసం అచ్చయింది. అప్పటికి పద్దెనిమిదో ఏడు. ఒక స్పెక్ట్రోమీటరు ముందు గంట ఎక్కువసేపు కూర్చోనిస్తే ఏం జరగొచ్చో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కానీ ఎంఏ అయ్యాక ఏం చేయాలి? ఆ రోజుల్లో మన దేశంలో పరిశోధన చేస్తే జీతం ఇచ్చేవాళ్లు దాదాపు లేరు. రామన్ ఫైనాన్స్ సర్వీసు పరీక్ష రాసి అందులోనూ మొదటి స్థానంలో నిలిచారు. 1907లో పెళ్లయింది. అదే ఏడు అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కలకత్తా చేరారు. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే సివిల్స్ కొట్టి సెటిలైపోయినట్టే. ఇంట్లోవాళ్లకి ఇంకేం కావాలి!

ఆఫీసుకి ట్రాములో వెళుతుండగా బౌబజార్ వీధిలో ఒక బోర్డు కంటపడింది. ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్, 210 నంబరు భవనం. రామన్ వెళ్లి తలుపు తట్టారు.

ఆ భవనం వెనక కొంత కథ ఉంది. మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు 1876లో చందాలు పోగుచేసి ఆ సంస్థ పెట్టారు. భారతీయులు తమ చేతులతో తామే పరిశోధన చేసుకునే చోటు ఒకటుండాలని ఆయన కోరిక. హాలు వచ్చింది, ల్యాబ్ వచ్చింది, పరికరాలూ వచ్చాయి. సాయంత్రం ఉపన్యాసాలు జరిగేవి. పరికరాల ముందు కూర్చుని పనిచేసే మనిషి మాత్రం రాలేదు. ఆ నిరాశతోనే డాక్టర్ సర్కార్ 1904లో కన్నుమూశారు. మరో మూడేళ్లకి గానీ రామన్ ఆ వీధి వెంట వెళ్లలేదు.

తలుపు తీసిన మనిషి పేరు అశుతోష్ దే. అందరికీ ఆశు బాబు. ఆ ల్యాబ్‌లో అసిస్టెంటు. ఆయన రామన్‌ని సంస్థ కార్యదర్శి అమృతలాల్ సర్కార్ దగ్గరికి తీసుకెళ్లారు. మహేంద్రలాల్ కొడుకే ఈయన. ఒక్క క్షణం మీరు అమృతలాల్ కుర్చీలో కూర్చోండి. ఎదురుగా పంతొమ్మిదేళ్లు నిండని మద్రాసీ యువకుడు. ఉద్యోగం లెక్కల శాఖలో. ఆఫీసు ఉంది కాబట్టి తెల్లవారకముందో, చీకటిపడ్డాకో వస్తానంటున్నాడు. అంటే మనం లేనప్పుడు ల్యాబ్ తెరిచి ఉండాలి. నాన్నగారు చందాలతో కొన్న సామాను. ఇవాళ ఏ స్టోర్స్ ఇన్‌చార్జిని అడిగినా కుదరదంటాడు. అమృతలాల్ సరేనన్నారు.

ఇక్కడే నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. తాళం తీయడం అంటే గాలికి వదిలేయడం అనుకుంటాం. ఆ ల్యాబ్‌లో అలా లేదు. ఆశు బాబు ఉన్నారు. కాలేజీ మెట్లెక్కని మనిషే గానీ, ఏ పరికరం ఎక్కడుందో, దేన్ని ఎలా పట్టుకోవాలో, ఏది మొరాయిస్తుందో ఆయనకి తెలుసు. రామన్ ఆఫీసులో ఫైళ్లు చూస్తున్నంతసేపూ ప్రయోగాన్ని కనిపెట్టుకుని ఉండే చేతులవి. పాతికేళ్లు అలా రామన్ పక్కన నిలిచారు. ఆ కాలపు పరిశోధనా పత్రాల్లో రామన్‌తో పాటు అశుతోష్ దే పేరు కూడా రచయితగా అచ్చయింది. ల్యాబ్ అసిస్టెంటు పేరు పేపరు మీద వేయడం ఇప్పటికీ ఎన్ని చోట్ల ఉందో మీరే చూసుకోండి. సున్నితమైన పరికరాన్ని కాపాడేది తాళం కంటే దాని గుణం తెలిసిన మనిషి. పరికరాలు కొనడానికి కోట్లు ఖర్చుపెట్టి, వాటిని నడిపే టెక్నీషియన్ పోస్టు మాత్రం ఖాళీగా ఉంచే సంస్థలకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

రంగూన్, నాగ్‌పూర్ బదిలీలయ్యాక 1911లో రామన్ మళ్లీ కలకత్తా వచ్చారు. కొంతకాలానికి అసోసియేషన్ పక్క ఇంట్లోనే కాపురం. ఇంట్లోంచి నేరుగా ల్యాబ్‌లోకి వెళ్లేలా మధ్యలో తలుపు పెట్టించుకున్నారు! తెల్లవారుజామున ల్యాబ్, తర్వాత హడావుడిగా ఆఫీసు, సాయంత్రం మళ్లీ ల్యాబ్. ఖరీదైన సామాను లేదు కాబట్టి ఉన్నదాంతోనే ప్రశ్నలు వెతుక్కున్నారు. ఏక్‌తారా, వయొలిన్, వీణ, మృదంగం... వీటి నాదం మీద ఆయన చేసిన పని అప్పటిదే. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇస్తే, దాదాపు సగం జీతానికి ఒప్పుకుని సర్కారు కొలువు వదిలేశారు. 1919లో అమృతలాల్ పోయాక అసోసియేషన్ గౌరవ కార్యదర్శి అయ్యారు. అంటే ఒకనాడు తలుపు తట్టిన మనిషి చేతికే తాళంచెవి వచ్చింది.

ఆ తర్వాత కుర్రాళ్లు రావడం మొదలైంది. కె.ఆర్. రామనాథన్, కె.ఎస్. కృష్ణన్, ఇంకా చాలామంది. గుడివాడ ప్రాంతం నుంచి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకుని 1928లో వెళ్లిన సూరి భగవంతం గారూ అక్కడే చేరారు. తర్వాతి రోజుల్లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టింది ఆయనే. మనుషులు పెరిగారు, పరికరాలు పెరగలేదు. పంచుకోవడం అసలు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

1921లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ ఓడలో సముద్రపు నీలిరంగుని పరీక్షించడానికి రామన్‌కి చేతిలో పట్టే చిన్న పరికరాలు సరిపోయాయి. కలకత్తాలో మొదలుపెట్టిన పని అలాంటిది కాదు. ద్రవంలో చెదిరిన కాంతి చాలా మసకగా ఉంటుంది. దాన్ని చూడాలంటే లోపలికి పంపే కాంతి విపరీతమైన తీవ్రతతో ఉండాలి. అప్పట్లో లేజర్లు లేవు. ఉన్నది ఎండ. అసోసియేషన్‌లో నక్షత్రాలు చూడటానికి వచ్చిన 7 అంగుళాల టెలిస్కోపు ఉంది. దాన్ని ఎండవైపు తిప్పి, ఆ వెలుగుని ఒక లెన్సుతో ఇరికించి సీసాలోకి పంపారు.

ఇక్కడ ఎస్. వెంకటేశ్వరన్ గురించి చెప్పుకోవాలి. ఆయన అలీపూర్ ప్రభుత్వ టెస్ట్ హౌస్‌లో ఉద్యోగి. ఆఫీసయ్యాక, సెలవు రోజుల్లో వచ్చి ప్రయోగాలు చేసేవారు. అచ్చం ఒకప్పటి రామన్‌లాగే. 1927 చివర్లో గ్లిజరిన్‌లో చెదిరిన కాంతి పచ్చగా మారడం ఆయన కంటపడింది. పెద్ద ఆధారమది. కానీ ఆఫీసు విడిచాక వచ్చేవాడికి ఎండ ఎక్కడ దొరుకుతుంది? టెలిస్కోపు ఖాళీగానే ఉంటుంది, సూర్యుడే ఉండడు. అప్పటికి సిద్ధాంతం వైపు మొగ్గిన కృష్ణన్‌ని రామన్ మళ్లీ ప్రయోగాల్లోకి లాగారు. ఆయన పగలంతా ల్యాబ్‌లో ఉండగలడు. మీ ల్యాబ్‌లో స్లాట్ దొరక్క ఎవరికైనా మంచి ఫలితం చేజారిందని వింటే వెంకటేశ్వరన్‌ని తలుచుకోండి.

1928 ఫిబ్రవరి 28న, ఒక చిన్న స్పెక్ట్రోస్కోపులోంచి చూస్తే, పంపిన రంగు పక్కన మధ్యలో ఖాళీ వదిలి మరో రంగు కనిపించింది. తర్వాత పాదరసపు దీపం పెట్టి, హిల్గర్ కంపెనీ చిన్న క్వార్ట్జ్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో ఫొటోలు తీశారు. గీతలు స్పష్టంగా పడ్డాయి. ఒక్కో ఫొటోకి ప్లేటుని గంటల తరబడి, వాయువులకైతే రోజుల తరబడి కదలకుండా ఉంచాలి. ఒకరి ప్లేటు నడుస్తుంటే ఇంకొకరు ముట్టుకోకూడదు. 1930లో నోబెల్ రామన్ ఒక్కరికే వచ్చింది. కృష్ణన్‌కి రావలసిన వాటా గురించి చర్చ ఇప్పటికీ ఆగలేదు.

ఇంతవరకూ చదివి రామన్ తలుపులన్నీ బార్లా తెరిచిన మనిషి అనుకుంటే పొరపాటు. 1933లో ఆయన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి తొలి భారతీయ డైరెక్టరుగా వెళ్లారు. అదే ఏడు బొంబాయి యూనివర్సిటీలో బీఎస్సీలో ఫస్ట్ వచ్చిన కమలా భాగవత్ సీటు అడిగింది. పెళ్లయ్యాక కమలా సోహోనీగా పేరు తెచ్చుకున్నది ఈవిడే. ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో రామన్ కాదన్నారు. ఆమె వెనక్కి తగ్గలేదు. చివరికి షరతులు పెట్టారు: ఏడాదిపాటు పరిశీలన, ఆ తర్వాతే గుర్తింపు, ల్యాబ్ వాతావరణం చెడగొట్టకూడదు. ఆ చివరి షరతు చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏడాది తిరిగేసరికి రామన్ ఒప్పుకోక తప్పలేదు. తర్వాత అమ్మాయిలకి ప్రవేశం దొరికింది. కమల 1939లో కేంబ్రిడ్జ్ నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నారు. ముక్కూమొహం తెలియని కుర్రాడిగా తాను వెళ్లినప్పుడు అమృతలాల్ ఇన్ని షరతులు పెట్టలేదన్న సంగతి రామన్‌కి ఎందుకు గుర్తు రాలేదో!

1940ల్లో అన్నా మణి ఆయన ల్యాబ్‌లోనే వజ్రాల మీద పనిచేశారు. ఒక్కో ప్లేటుకి పదిహేను, ఇరవై గంటలు పట్టేది, రాత్రిళ్లు ల్యాబ్‌లోనే. ఎంఎస్సీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకి డాక్టరేట్ ఇవ్వలేదు. ఆమె వాతావరణ శాఖలో చేరి, సుమారు వంద పరికరాల డ్రాయింగులకి ప్రామాణిక రూపం ఇచ్చారు.

కలకత్తా కథా చేదుగానే ముగిసింది. అసోసియేషన్‌లో ఎవరికి సభ్యత్వం ఉండాలన్న గొడవలో 1934లో రామన్ పదవి పోయింది. బెంగళూరులో సెంట్రల్ వర్క్‌షాప్ పెట్టి పరికరాలు అక్కడే తయారయ్యేలా చూశారు గానీ, పాలకమండలితో పడక 1937లో డైరెక్టరు పదవి వదిలారు. 1948లో సొంత ఇన్‌స్టిట్యూట్. మొదట్లో అక్కడ కరెంటు లేదు. అద్దాలు, లెన్సులు పెట్టి ఎండతోనే ప్రయోగాలు సాగించారు. 1970 నవంబరు 21న పోయారు. ఆ తోటలోనే దహనం చేశారు.

చివరగా మీకు పనికొచ్చే విషయం ఒకటి. మీ కాలేజీ బీరువా తెరుచుకోకపోతే, కేంద్ర ప్రభుత్వపు ఐ-స్టెమ్ పోర్టల్ చూడండి. దేశంలోని ప్రభుత్వ సంస్థల్లో ఏ పరికరం ఎక్కడుందో అందులో ఉంటుంది. రిజిస్టరు చేసుకుని బయటి విద్యార్థులూ స్లాట్ అడగొచ్చు. దాన్ని నడుపుతున్నది బెంగళూరులో రామన్ డైరెక్టరుగా పనిచేసిన సంస్థే. వెళ్లేముందు మీ శాంపిల్ వివరాలు రాసుకెళ్లండి. వెళ్లాక ఆపరేటర్ పేరు అడిగి తెలుసుకోండి.