పరీక్షనాళికలో నీలిరంగు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఈ బడిలోనే చదువుకుని, తర్వాత ఇక్కడే చాలా ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ణి. అందుకని స్వర్ణోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాసివ్వమని సంఘం మిత్రులు అడిగారు. నేను యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంచుకున్నాను. ఆయన పుట్టింది భీమవరంలో. మన కర్నూలుతోగానీ కడపతోగానీ ఆయనకు చుట్టరికం లేదు. అయినా ఆయన్ను తలచుకుంటే నాకు మన ప్రయోగశాలే గుర్తుకొస్తుంది. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆ గది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాపబండ పరిచిన బల్లలు, గోడవారగా అద్దాల బీరువా. బండ మీద ఆమ్లం చుక్క పడితే బుసబుసమని నురగ వచ్చేది. నాపరాయి కూడా సున్నపురాయేనని నాకు పుస్తకం కంటే ముందు ఆ బల్లే చెప్పింది. బీరువాలో పరీక్షనాళికలు, బీకర్లు, శంకుకుప్పెలు, కొలజాడీలు, పిపెట్లు, బ్యూరెట్లు, సారాయి దీపాలు. పరీక్షనాళికలో కొద్దిపాటి ద్రవాలు కలిపి, అవసరమైతే వేడిచేసి, ఏం జరుగుతుందో చూస్తాం. పిపెట్‌తో కావలసినంత ద్రవాన్ని కచ్చితంగా తీసి పోస్తాం. బ్యూరెట్‌తో చుక్కచుక్కగా వదిలి, ఎంత పట్టిందో గీతల మీద చదువుతాం. గరాటులో వడపోత కాగితం పెట్టి మడ్డిని వేరుచేస్తాం. ఇవన్నీ బడిపిల్లల సామాను అనుకుంటాం. సుబ్బారావు గారికి మొదట పేరు తెచ్చిన పని ఇంచుమించు ఈ సామానుతోనే జరిగింది.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. బడిలో మెరిసిన పిల్లవాడు కాదు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మనసు రామకృష్ణ మఠం వైపు లాగినా తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం ఒక ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే అన్న, తమ్ముడు ఇద్దరూ స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కిపోయే జబ్బది. అప్పటి వైద్యుల దగ్గర దానికి సరైన మందు లేదు.

కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో పగలు హార్వర్డ్‌లో చదువు, పొట్టగడవడానికి ఆసుపత్రిలో చిల్లర పని. తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు.

అక్కడ వాళ్ల ముందున్న చిక్కు చిన్నదిగా కనిపించేదే. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో త్వరగా, నమ్మకంగా కొలవాలి. వాళ్లు కనిపెట్టిన పద్ధతి ఇది. రక్తంలో ఆమ్లం కలిపితే మాంసకృత్తులు విరిగి అడుగుకు చేరతాయి. వడపోసి తేట తీయాలి. అందులో మాలిబ్డేట్ ద్రావణం, ఆపైన రంగు తెప్పించే మరో రసాయనం కలపాలి. భాస్వరం ఉంటే నీలిరంగు వస్తుంది. ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. ఎంత భాస్వరం ఉందో ముందే తెలిసిన మరో ద్రావణాన్ని పక్కన పెట్టి, కలరీమీటరులో రెండు రంగులనూ సరిపోల్చి లెక్క కట్టాలి. దీన్ని 1925లో ప్రచురించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచమంతా పాకింది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. కండరం నుంచి తీసిన తేటతో ఇదే పరీక్ష చేస్తే నీలిరంగు వెంటనే రాలేదు. ఆలస్యంగా, నెమ్మదిగా ముదిరింది. నాళిక సరిగా కడగలేదనో, మందు పాడైందనో పారబోసి ఉంటే అడిగేవాళ్లు లేరు. వాళ్లు పారబోయలేదు. ఆలస్యం ఎందుకో వెతికారు. కండరంలో భాస్వరం విడిగా లేదు, క్రియాటిన్‌తో జతకట్టి ఉంది. ఆమ్లంలో ఆ జంట మెల్లగా విడిపోతున్న కొద్దీ రంగు తేలుతోంది. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో వాళ్లు ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనిపెట్టారు. మనం చెయ్యెత్తినా, కాలు కదిపినా ఖర్చయ్యే శక్తి ఈ ఏ.టి.పి. నుంచే వస్తుందని ఇప్పుడు తొమ్మిదో పదో తరగతి పిల్లలకు కూడా చెబుతున్నాం.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి, పరిశోధనలకు పెద్ద అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు అది మందయింది. ఈ రోజు మన బడుల్లో పిల్లలకు వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ యాసిడే. బోదకాలు జబ్బుకు వాడే డి.ఇ.సి. మందు, పిల్లల రక్తక్యాన్సరును మొదటిసారి కొంతకాలమైనా వెనక్కి నెట్టిన అమినోప్టెరిన్, ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆయన బృందం పనిలోనివే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన శతజయంతికి బిళ్ల వేసింది.

ఇక నా సంగతి. నేను ఇక్కడ పనిచేసిన రోజుల్లో ఆ బీరువా తాళంచెవి నా దగ్గరే ఉండేది. గాజుసామాను పగిలితే స్టాకు రిజిస్టరులో రాయాలి, తనిఖీకి వచ్చినవాళ్లకు జవాబు చెప్పాలి. ఆ భయంతో చాలా ఏళ్లు తాళం తీయలేదు. పిపెట్ బొమ్మ బోర్డు మీద గీసి, భాగాలు గుర్తించమన్నాను. పిల్లలకు మార్కులు బాగానే వచ్చాయి.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి కర్నూలులో మెడిసిన్ చేరాడు. సెలవులకు వచ్చినప్పుడు తన రికార్డు పుస్తకం చూపించాడు. అందులో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ఉంది. మన తెలుగాయన పేరు కదా అని నేను సంబరపడ్డాను. పిపెట్ చేత్తో పట్టుకోవడం తనకు అదే మొదటిసారని, చెయ్యి వణికిందని అతను నవ్వుతూ చెప్పాడు. నన్ను తప్పుపట్టాలని చెప్పలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి సంవత్సరం బీరువా తెరిచాను. ఆ ఏడు పదకొండు పరీక్షనాళికలు పగిలాయి. అన్నీ రిజిస్టరులో రాశాను. ఎవరూ నన్నేమీ అనలేదు. అంతకుముందు చదివి వెళ్లిన పిల్లలకు మాత్రం ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

స్వర్ణోత్సవానికి పోగైన నిధితో బడికి ఏం చేద్దామని సంఘం ఆలోచిస్తోంది. నాదొక మనవి. ఆర్చీలు, శిలాఫలకాలు వేయించండి, వద్దనను. దానితోపాటు ఏటా కొంత సొమ్ము పగిలే గాజుసామానుకని విడిగా పెట్టండి. అప్పుడు ఏ మాస్టారూ తాళం వేసుకోనక్కరలేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పిన పిల్లవాడు ఇప్పుడు కూడా మన బెంచీల మీద ఉండవచ్చు. రంగు ఆలస్యంగా వచ్చిందని గమనించాలంటే, ముందు అతని చేతికి ఒక పరీక్షనాళిక ఇవ్వాలి కదా.