కాలువలో ఆవిరి పడవ నడపిన విలియం సిమింగ్టన్

మన డెల్టా కాలువలపై పడవ ప్రయాణము చేసిన పెద్దలకు, గట్టుమీద తాడు లాగుచు నడచు కూలీల శ్రమయు, లాకుల యొద్ద వేచియుండు విసుగును తెలియనివి కావు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దానికి అర్ధ శతాబ్దమునకు ముందే స్కాట్లాండు దేశపు కాలువలో తాడుతోను గుఱ్ఱముతోను పనిలేకుండ, ఆవిరితో పడవలు లాగింపవలెనని పాటుపడినవాడు విలియం సిమింగ్టన్.

ఆయన 1764లో లెడ్‌హిల్స్ అను సీసపు గనుల గ్రామమున జన్మించెను. పెద్దలు ఆయనను మతబోధకుని చేయదలచిరి గాని, ఆయన మనస్సు యంత్రములపైననే యుండెను. గనులలో ఊటనీరు తోడు ఆవిరి యంత్రములను చూచి, వాని పనితీరు గ్రహించి, 1787లో తానే యొక యంత్రమునకు పేటెంటు పొందెను.

పాట్రిక్ మిల్లర్ అను బ్యాంకు వ్యాపారి ఆ యంత్రమును తన జంటపడవపై పెట్టించెను. 1788 అక్టోబరు 14వ తేదీన డాల్‌స్వింటన్ చెఱువులో అది చక్కగా నడచినది. కాని చెఱువు వేరు, కాలువ వేరు. 1789లో మఱింత పెద్ద యంత్రముతో ఫోర్త్-క్లైడ్ కాలువలో దిగగా తెడ్ల చక్రములు విరిగిపోయినవి. గట్టి చక్రములు కట్టి డిసెంబరులో మరల నడపగా గంటకు సుమారు 7 మైళ్ళ వేగము వచ్చినది. అయినను, అయిన ఖర్చు చూచుకొని మిల్లరు ఆ పని విరమించెను.

పదేండ్లు గడచిన పిమ్మట ఆ కాలువ కంపెనీకి అధిపతియైన డండాస్ ప్రభువు సిమింగ్టన్‌కు మరల పని ఒప్పగించెను. చిక్కులెన్నో యుండెను. ఇరుప్రక్కల చక్రములున్నచో ఇఱుకు లాకులలో గోడలకు తగులును, ఎదురు పడవలకు తగులును. అందుచే చక్రమును వెనుక భాగమున నడుమ తొట్టివంటి చోట ఇమిడ్చెను. అప్పుడు చుక్కానికి చోటు లేకపోయినది. చక్రమునకు అటునిటు రెండు చుక్కానులమర్చి, రెంటిని కలిపి ముందువైపునుండి త్రిప్పు ఏర్పాటు చేసెను. పాత యంత్రములోని గొలుసులను విడిచిపెట్టి, సిలిండరును అడ్డముగా పరుండబెట్టి, దాని కడ్డీ నేరుగా చక్రపు వంపు ఇరుసును త్రిప్పునట్లు కూర్చెను. ఇది చిన్న మార్పుగా కనబడవచ్చును గాని, తరువాతి స్టీమర్లకు దారి చూపినది ఇదియే.

56 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గల ఆ పడవ పేరు షార్లెట్ డండాస్. 1803 మార్చి 28వ తేదీన అది ఒక్కొక్కటి 70 టన్నుల రెండు పడవలను కట్టుకొని, బలమైన ఎదురుగాలిలో, పద్దెనిమిదిన్నర మైళ్ళు లాగుకొని గ్లాస్గో రేవు చేరెను. తొమ్మిదింబావు గంటలు పట్టినది. అనగా మనిషి నడకకంటెను తక్కువ వేగమే. కాని ఆ గాలిలో అంత బరువును లాగినది చిన్న విషయమా?

కాలువ యజమానులు మాత్రము ఒప్పుకొనలేదు. చక్రము లేపు అలలకు గట్లు కోసికొనిపోవునని వారి భయము. గండి పూడ్చిన రైతు ఆ భయమును నవ్వి కొట్టివేయడు. గట్టు తెగినచో కాలువ ఎండును, రాకపోకలాగును, సుంకము పోవును. అయినను, నెమ్మదిగా నడపియో, రాతికట్టు వేసియో మఱికొంత కాలము పరీక్షించి యుండవలసినదని తోచును. ఇంగ్లండులో అట్టి పడవలు ఎనిమిదింటిని కోరిన బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు కూడ ఆ మార్చి నెల 8వ తేదీననే మరణించెను. రెండు దారులును ఒక్కమారే మూసికొనిపోయినవి.

1807లో అమెరికాలో ఫుల్టన్, 1812లో క్లైడ్ నదిపై హెన్రీ బెల్ స్టీమర్లు నడపి పేరుగాంచిరి. సిమింగ్టన్‌కు ప్రభువుల ఖజానానుండి మొదట 100 పౌనులు, తరువాత 50 పౌనులు ముట్టినవి. 1831 మార్చిలో ఆయన లండనులో బీదతనముతో కన్నుమూసెను. ఆయన పడవ బెయిన్స్‌ఫర్డ్ యొద్ద కాలువ ప్రక్కన పడియుండి, 1861లో విప్పివేయబడెను.