వాగ్దానఋణము: కంచెర్ల గోపన్నగారి చరిత్రము

భద్రాద్రి నెఱుగని తెలుగువాడు లేడు. ఆ కొండపై నాలయము గట్టించిన కంచెర్ల గోపన్నను, అనగా భక్త రామదాసును, మనమందఱము భక్తునిగాను వాగ్గేయకారునిగాను గొనియాడుదుము. ఆయన ధర్మకార్యమునకు ధనము గూర్చిన కార్యకర్తయు నను సంగతిని తఱచుగా మఱచెదము. సంఘకార్యములకు చందాలు వసూలు చేయువారికిని, ఇచ్చువారికిని ఆ చరిత్రభాగ మవశ్యపఠనీయము.

గోపన్న నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి వాస్తవ్యుడు. లింగన్న, కామాంబ లాతని తలిదండ్రులు. అబుల్ హసన్ తానీషా 1672 మొదలు 1687 వఱకు గోలకొండ నేలినవాడు. ఆ ప్రభువు కొలువున మంత్రిత్వము నెఱపిన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలని ప్రసిద్ధి. వారి ప్రాపకమున నాతనికి పాల్వంచ పరగణా తహశీలుదారు పదవి లభించెను. రైతులవద్ద శిస్తు వసూలు చేసి గోలకొండ బొక్కసమునకు బంపుట యాతని విధి.

ఆ పరగణాలో గోదావరి యొడ్డున, అడవుల నడుమ, భద్రగిరి గలదు. అచట పోకల దమ్మక్క యను గిరిజనస్త్రీ పుట్టలో వెలసిన స్వామికి పందిరి వేసి, తాటిపండ్లు నివేదించుచుండెనని స్థలపురాణము. ధనము లేని యామెయే భద్రాద్రికి మొదటి దాత, మొదటి సేవకురాలు. లక్షలిచ్చినవారి పేళ్లు శిలలపై జెక్కించునపుడు, ముందుగా పందిరి వేసినవారిని మఱచుట తగదు.

గోపన్న గుడి కట్ట సంకల్పించి ప్రజల నర్థించెను. ఎవరి శక్తికొలది వారిచ్చిరి, అది చాలదయ్యెను. పంటలు చేతికి వచ్చిన పిమ్మట తాము తీర్చెదమనియు, అంతదనుక శిస్తుసొమ్ము వినియోగింపవచ్చుననియు గ్రామస్థులు మాట యిచ్చిరని ఐతిహ్యము. సేద్యమే జీవనముగాగల పల్లెలలో రైతుచేత రొక్క మాడుట కోతలయిన పిమ్మటనే గదా! కావున వారి మాట కపటమని తలపరాదు. గోపన్న నమ్మెను. సుమారు ఆరు లక్షలు వ్యయమయ్యెనని ప్రతీతి. గుడియు, గోపురమును, ప్రాకారమును లేచెను. బొక్కసమునకు జేరవలసిన సొమ్ము మాత్రము చేరలేదు. తానీషా యాగ్రహించి గోపన్నను గోలకొండ కోటలో బంధించెను. ఆ చెఱ పండ్రెండేండ్లు సాగెనని చెప్పుదురు.

ఇందు దోషమెవరిది? గోపన్న యొక్క కాసైనను తనకై వాడుకొనెనని ఎవ్వరును చెప్పలేదు. అయినను రాజద్రవ్యమును రాజానుమతి లేక వెచ్చించుట దోషమే. సదుద్దేశ మనుమతికి బదులు గాజాలదు. ఇక మాట యిచ్చినవారో, పెక్కుమంది. చెఱసాల కేగినవా డొక్కడు. ఇచ్చెదమన్న నాటికిని ఇచ్చిన నాటికిని నడుమ గల భారమంతయు నడిగినవాని తలపైననే యుండును.

చెఱలోని గోపన్న పాడిన కీర్తనలలో ఇక్ష్వాకుకులతిలకా యనునది మిక్కిలి ప్రసిద్ధము. అందాతడు ప్రాకారమునకు, భరతుని పచ్చల పతకమునకు, సీతమ్మవారి చింతాకు పతకమునకు పట్టిన వెల లన్నియు వరుసగా స్వామికి విన్నవించును. భక్తులది విని కంట తడిపెట్టుదురు. లెక్కలెఱిగినవా రందొక జమాఖర్చు చిట్టాను గూడ గాంచుదురు. కాని ఆ చిట్టా సమర్పింపబడినది కార్యము మించిన పిమ్మట, అదియే విచారకరము.

రామలక్ష్మణులు సేవకవేషమున వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించి గోపన్నను విడిపించిరని భక్తుల విశ్వాసము. అంతట నా ప్రభువు స్వామికి దాత యయ్యెనట. శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు నాచార మాతనినుండియే వచ్చినదని ప్రతీతి. అది నేటికిని సాగుచున్నది. ముం దడుగబడని వాడే తుదకు తరతరముల దాతృత్వమునకు మూలపురుషుడయ్యెను. ముందే యడిగియున్నచో నేమయ్యెడిదో యూహింపదగును.

గోపన్న తరువాత నొక శతాబ్దము గడచినపిమ్మట, 1790లో గుంటూరున జన్మించిన తూము నరసింహదాసుగారు భద్రాద్రి కేగి, నిత్యసేవలు సన్నగిల్లి యుండుట గని ఖిన్నులైరి. వారు తమ సహచరులగు వరదరామదాసుగారితో గూడి, నిజాము కొలువులోని చందూలాలు ననుమతి బడసి, అటుపిమ్మటనే యుత్సవాదులను పునరుద్ధరించిరి. 1833లో దేహము చాలించువఱకు నా సేవ విడువలేదు. గోపురము గట్టుట కొకమాఱు ధనము చాలును. దీపము వెలుగుటకు ప్రతిదినము తైలము గావలయును. ఆ సంగతి నరసింహదాసుగా రెఱుగుదురు.

మహాజనులారా! మన మహాసభలలో ఉత్సాహమున చందా లెన్నియో వ్రాయింపబడును. ఆ మాట నమ్మి సంఘసేవకుడు కూలీలను బిలుచును, సున్నము దెప్పించును, తన పేర నప్పు చేయును. కావున పంట యింటికి వచ్చినంతనే వ్రాసిన సొమ్ము చెల్లింపుడు. ఆలస్యమగునేని, ముందుగానే వానికి దెలుపుడు. సేవకులును చేతికి రాని ధనమును వ్యయపఱుపక, దాతలడుగకమున్నే లెక్క చూపుదురు గాక. గోపన్నగారి చెఱ మఱియొక కార్యకర్తకు ప్రాప్తింపకుండుటయే మనమా మహనీయునకు జేయదగిన పూజ.