తెరమీద తొలి తారామతి అన్నా సాలుంకే

సత్యభామ వేషమంటే స్థానం నరసింహారావు గారిని తలచుకుంటాం. తెరమీద ఆ దారి తొక్కిన మరాఠీ నటుడు అన్నా సాలుంకేను మాత్రం మరిచిపోయాం. దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ మొదలుపెట్టినప్పుడు తారామతి పాత్రకు ఆడవాళ్లెవరూ ఒప్పుకోలేదు. బొంబాయి గ్రాంట్ రోడ్డు హోటల్లో వంటపని చేస్తున్న సాలుంకే నాజూకు చేతులు చూసి ఫాల్కే ఆయనకే చీర కట్టించారు. 1913లో ఆ చిత్రం విడుదలైంది. 1917లో ‘లంకాదహన్’లో రాముడూ ఆయనే, సీతా ఆయనే. మన దేశపు సినిమాలో తొలి ద్విపాత్రాభినయం అదే. తర్వాత ఆయన కెమెరా పట్టి, తెరవెనక్కి వెళ్లిపోయారు. మహారాష్ట్రలో స్థిరపడిన మన కుటుంబాలు ఫాల్కే పేరు చెప్పుకున్నప్పుడల్లా పక్కనే ఈ వంటాయన పేరూ చెప్పుకోవాలి. ఆ రోజు ఆయన కాదంటే హరిశ్చంద్రుడి పక్కన తారామతి ఎక్కడిది?