మూసీ మట్టం కొలిచిన మనీషి

గంగను భువికి దింపిన భగీరథుని తపస్సును మనవారు వేనోళ్ల కొనియాడారు. కాని ఆ ప్రవాహవేగాన్ని జటాజూటంలో నిలిపి, పాయలుగా విడిచిన శంకరుడు లేకపోతే ఆ తపఃఫలం లోకానికి ప్రళయమై ఉండేది. నీటిని తేవడం ఎంత గొప్ప కార్యమో, వచ్చిపడిన నీటిని నిలపడమూ అంత గొప్ప కార్యమే. ఈ రెండవ విద్యలో ఆధునిక భారతదేశాన అగ్రగణ్యుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో జన్మించాడు. ఇంటిపేరే ఆయన పూర్వుల ఊరిని చెబుతుంది. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి ఆ కుటుంబం తరలివెళ్లింది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తండ్రి చిన్ననాటనే గతించగా, విశ్వేశ్వరయ్య బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టం పొందాడు. పిదప మైసూరు ప్రభుత్వ విద్యార్థివేతనంతో పూనా వెళ్లి, 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథముడిగా నిలిచాడు. మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో ఉద్యోగం లభించింది.

పూనా సమీపాన ఖడక్‌వాస్లా జలాశయం వద్ద ఆయన చేసిన పని సుప్రసిద్ధం. ఆనకట్టను ఎత్తుచేయకుండా, అలుగుపై తమంతట తామే తెరచుకొని, వరద తగ్గగానే తామే మూసుకొనే తలుపులను అమర్చి, నీటిమట్టాన్ని ఎనిమిది అడుగులు పెంచాడు. ఎనిమిది అడుగులంటే చూపరులకు స్వల్పమే. మైళ్ల పొడవున పరచుకొన్న జలాశయంలో అది ఎంత నీరో ఇంజనీరుకు తెలుసు. అడుగుల విలువ తెలిసిన ఆ చూపే తరువాత హైదరాబాదుకు అక్కరకు వచ్చింది.

1908లో ఆయన బొంబాయి కొలువును వదలి ఐరోపా దేశాలలో పర్యటిస్తున్నాడు. ఆ సమయంలోనే హైదరాబాదును మహావిపత్తు ముంచెత్తింది. వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, ఈసీ నదిని కలుపుకొని నగరం నడుమ ప్రవహిస్తుంది. వేసవిలో చూచినవారికి అది వాగుగానే తోస్తుంది. ఆ ఏడు సెప్టెంబరు చివర ఎగువ ప్రాంతాలలో కుండపోతగా వర్షం కురిసింది. 28వ తేదీన నది ఊరిమీద పడింది. సుమారు పదిహేను వేలమంది మరణించారని అంచనా. వేలాది గృహాలు నేలమట్టమయ్యాయి. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని ఒక చింతచెట్టు నూటయాభైమంది ప్రాణాలను నిలిపిందని చెబుతారు. నది శాంతించడానికి నిజాం ప్రభువు మీర్ మహబూబ్ అలీఖాన్ చీరసారెలు సమర్పించాడన్న కథ నగరంలో నేటికీ వినవస్తుంది. ప్రజల దుఃఖంలో పాలుపంచుకొన్న ప్రభువుగా ఆ కథ ఆయనకు గౌరవమే. అయితే శాంతిపూజతో సరిపెట్టుకోక, నదిని అదుపుచేయగల నిపుణునికై వెదకడం ఆ ప్రభుత్వం చేసిన మరింత మేలైన పని. ఆహ్వానాన్ని అందుకొన్న విశ్వేశ్వరయ్య పర్యటన ముగించుకొని, 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరాడు.

ఆయన వచ్చేనాటికి వరద పోయి అర్ధసంవత్సరం దాటింది. కళ్ల ముందు లేని ప్రవాహాన్ని కొలవడం ఎలా? గోడలపై బురదచారలు, కూలిన కట్టడాల ఆనవాళ్లు, బతికి బయటపడినవారి జ్ఞాపకాలు - ఇటువంటివే ఆధారాలు. కాని ఎత్తు అన్న మాట ఒంటరిగా అర్థవంతం కాదు. ఒక ఇంటి గోడపై చార నేలనుండి పది అడుగుల ఎత్తున, మరొక వీధిలో మూడు అడుగుల ఎత్తున ఉండవచ్చు. అందుచేత మొదటిచోట వరద మట్టం హెచ్చని అనగలమా? నేలే ఒకచోట పల్లం, ఒకచోట మెరక కదా! అన్ని చారలనూ ఒకే ప్రమాణంతో కొలిచినప్పుడే నీటి ఉపరితలం ఏ వాలున సాగిందో తేలుతుంది. ఆ వాలు, నదీగర్భపు అడ్డుకోత వైశాల్యం తెలిస్తే, గడచిపోయిన వరద పరిమాణాన్ని గణించవచ్చు. మూసీలో ఉధృతి పతాకస్థాయికి చేరినప్పుడు సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారినట్లు లెక్క తేలింది.

ఆ ఉమ్మడి ప్రమాణాన్ని అందించేవే బెంచిమార్కులు. సముద్రపు సగటు మట్టాన్ని సున్నాగా గ్రహించి, అక్కడినుండి లెవెలు యంత్రంతో, కొలతకర్రతో అంచెలంచెలుగా ఎత్తులను మోసుకువచ్చి, కదలని రాళ్లపై చెక్కిన గుర్తులివి. భారత సర్వే శాఖ 1858లో ఈ పని ప్రారంభించింది. విశాఖపట్నం, మద్రాసు సహా తొమ్మిది రేవులలో సముద్రమట్టాన్ని గమనించి, దేశమంతటి మొదటి మట్టాల వలను 1909 నాటికి సరిచూసి ముగించింది. విశ్వేశ్వరయ్య మూసీ తీరాన తిరుగుతున్న సంవత్సరమే అది కావడం విశేషం. ఏ కట్టడంపై, ఏ వంతెన గోడపై గుర్తు ఉన్నదో, దాని ఎత్తు ఎంతో ఆ శాఖ పుస్తకాలుగా అచ్చువేసింది. అచ్చులోకి రాని బెంచిమార్కు చదివేవారు లేని శిలాశాసనం వంటిది. అది ఎంత ఖచ్చితంగా చెక్కినదైనా, ఊరివారికి రాయి మాత్రమే.

విశ్వేశ్వరయ్య దృష్టి నగరం దగ్గర ఆగలేదు. నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతమంతటినీ పరిశీలింపజేశాడు. అక్కడ 788 చెరువులున్నాయి. ఇంచుమించు చదరపు మైలుకు ఒక చెరువు! అవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే కిందిచెరువు నిండుతుంది. కాలం అనుకూలిస్తే ఇంతకు మించిన ఏర్పాటు లేదు. పైకట్ట తెగితే మాత్రం ఆ నీరంతా కిందికట్టపై విరుచుకుపడుతుంది. 1908లో జరిగింది అదే. రెండు వందలకు పైగా చెరువులు తెగి, వాననీటికి చెరువునీరు తోడయింది. పూర్వుల పనితనాన్ని నిందించకుండా, దాని పరిమితిని అంకెలతో చూపడం విశ్వేశ్వరయ్య వివేకం.

1909 అక్టోబరులో ఆయన నివేదిక సమర్పించాడు. నగరానికి ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు నిర్మించాలన్నది అందులోని ప్రధాన సూచన. వరద వచ్చినప్పుడు నీటిని పట్టి, నది మోయగలిగినంత మేరకే కిందికి విడవాలి. పురాణంలో జటాజూటం చేసిన పని ఇదే! నదీతీరాలను ఎత్తుచేసి ఉద్యానాలుగా తీర్చాలని, నగరానికి మురుగునీటి వ్యవస్థ కల్పించాలని కూడా ఆయన సూచించాడు. మహబూబ్ అలీఖాన్ 1911లో మరణించగా, ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అవి నగరానికి తాగునీటిని కూడా ఇచ్చాయి. అయితే ఇందులో ఒక చిక్కున్నది. దాహానికై నిండుగా ఉంచిన జలాశయంలో వరదకు చోటుండదు. వరదకై ఖాళీగా ఉంచితే వేసవికి నీరుండదు. ఈ రెంటినీ పొసగించే భారం ఏటేటా తలుపుల వద్ద నిలిచే అధికారులపై పడింది.

1909లోనే విశ్వేశ్వరయ్య మైసూరు చీఫ్ ఇంజనీరు అయ్యాడు. కృష్ణరాజసాగర నిర్మాణం, 1912 నుండి 1918 వరకు దివాను పదవి అందరికీ తెలిసినవే. మూసీ పాఠాన్ని మాత్రం ఆయన మరువలేదు. 1930ల చివర ఒరిస్సా వరదలపై సలహా కోరినప్పుడు, మహానదీ పరీవాహక ప్రాంతాన్ని ముందు సమగ్రంగా పరిశోధించాలనే సూచించాడు. ఆ నదిపై హీరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభమైంది. 1955లో ఆయనకు భారతరత్న లభించింది. నూరేళ్లు దాటి జీవించి, 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశాడు.

వానకాలం రాగానే హైదరాబాదు పత్రికలలో రెండు అంకెలు కనిపిస్తాయి. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1790 అడుగులు; హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. జలాశయం అంత లోతా అని కొందరు విస్తుపోతారు. అది లోతు కాదు, సముద్రమట్టం నుండి ఎత్తు. 2020 అక్టోబరు వరదలలో తలుపులు ఎత్తిన రాత్రి, దిగువన నది ఒడ్డున ఇళ్లు కట్టుకొన్నవారు తమ గడప ఏ మట్టాన ఉన్నదో ఎరుగరు.