అర్దెషీర్ ఇరానీ

భారతీయ చలనచిత్రానికి మాట నేర్పిన ఘనత అర్దెషీర్ ఇరానీది. వెండితెరపై తొలిసారిగా పూర్తి తెలుగు చిత్రాన్ని పలికించినది కూడా ఆయన సంస్థయే. ఆయన తెలుగువారు కారు, తెలుగునాట నివసించినవారూ కారు. జన్మతః జొరాస్ట్రియన్ మతస్థులు. వారి జీవితాన్ని తెలుసుకొనే ముందు ఆ మతాన్ని గూర్చి కొంత తెలుసుకొనవలసి ఉంది.

ప్రాచీన పారశీక దేశంలో జరతుష్ట్ర ప్రవక్త ఈ మతాన్ని బోధించాడు. ఆయన కాలాన్ని గూర్చి పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. అహుర మజ్దా వీరి ఏకైక దైవం, అవెస్తా వీరి పవిత్ర గ్రంథం. సత్యం, ధర్మబద్ధమైన విశ్వనియతి అనే అర్థాలు గల 'అష' వీరి విశ్వాసానికి మూలం. మన వేదాలలోని 'ఋతం' దీనికి సోదర పదం. సద్భావన, సద్వచనం, సత్కర్మ అనే మూడూ ప్రతి వ్యక్తీ ఆచరించవలసిన నియమాలు. మంచిచెడులలో దేనిని ఎన్నుకొనాలో మనిషే నిర్ణయించుకొనాలని ఈ మతం చెబుతుంది. అగ్నిని వీరు దైవకాంతికి ప్రతీకగా భావించి ఆలయాలలో ఆరకుండా కాపాడుతారు. బాల్యంలో జరిగే 'నవజోత్' అనే సంస్కారంలో పిల్లలకు 'సుద్రే' అనే తెల్లని అంగీని తొడిగి, డెబ్బైరెండు ఉన్నిపోగులతో నేసిన 'కుస్తీ' అనే పవిత్ర సూత్రాన్ని నడుముకు కడతారు.

క్రీ.శ. 651లో ససానియన్ సామ్రాజ్యం పతనమైంది. ఆ తరువాతి శతాబ్దాలలో కొందరు జొరాస్ట్రియన్లు స్వధర్మ రక్షణకై సముద్రం దాటి గుజరాత్ తీరానికి చేరారు. వారి సంతతివారే పార్సీలు. ఆధునిక కాలంలో వలస వచ్చినవారు ఇరానీలుగా పేరొందారు. మన ప్రాంతానికి కూడా వర్తకులుగా, ఉద్యోగులుగా పార్సీలు తరలివచ్చారు. సికింద్రాబాదులో 1847లో నిర్మించిన అగ్ని దేవాలయం అందుకు సాక్ష్యం.

అర్దెషీర్ ఇరానీ 1886 డిసెంబర్ 5న పూనాలో జన్మించారు. సంగీత వాద్యాలు, ఫోనోగ్రాఫులు అమ్మే కుటుంబ వ్యాపారంలో కొంతకాలం పనిచేశారు. తరువాత అబ్దులల్లీ యూసఫల్లీ భాగస్వామ్యంతో బొంబాయిలో సినిమాశాలలు నడిపారు. 1922లో భోగీలాల్ దవేతో కలిసి స్టార్ ఫిల్మ్స్ సంస్థను స్థాపించి మూకీ చిత్రాలు నిర్మించారు. 1926లో ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పారు.

'షో బోట్' అనే అమెరికన్ చిత్రాన్ని చూసిన తరువాత ఆయన మనస్సు మాట్లాడే చిత్రంపై లగ్నమైంది. అప్పటికి మన దేశంలో ధ్వనిముద్రణ తెలిసిన సినిమా నిపుణులు లేరు. కలకత్తాలోని మదన్ థియేటర్స్ కూడా అదే ప్రయత్నంలో ఉంది. అదీ ఒక పార్సీ కుటుంబం స్థాపించిన సంస్థయే. పోటీ తీవ్రం కావడంతో ఇరానీ తన ప్రయత్నాన్ని రహస్యంగా సాగించారు. విదేశీ నిపుణుని వద్ద ధ్వనిముద్రణ మెలకువలు నేర్చుకొని, ఆ పనిని స్వయంగా చేపట్టారు. దృశ్యం, ధ్వని ఒకే ఫిల్ముపై ఏకకాలంలో నమోదు కావాలి. స్టూడియో పక్కనే రైలుమార్గం ఉండేది. అందువలన రైళ్ళ రాకపోకలు ఆగిన అర్ధరాత్రి వేళ, మైకులను నటుల చెంతనే దాచి చిత్రీకరణ జరిపారు. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటరులో 'ఆలం ఆరా' విడుదలైంది. జనసందోహాన్ని అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చింది.

ఆ విజయం తరువాత ఆయన దక్షిణాది భాషలపై దృష్టి సారించారు. తమిళంతోపాటు తెలుగు మాటలు కూడా వినిపించిన 'కాళిదాస్' 1931 అక్టోబర్ 31న విడుదలైంది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. ఆయన దర్శకత్వంలోనే తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' రూపొందింది. సురభి నాటక కళాకారులు బొంబాయి వెళ్ళి ఇందులో నటించారు. సురభి కమలాబాయి లీలావతిగా, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపునిగా, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదునిగా కనిపించారు. అనంతర కాలంలో ప్రఖ్యాతి గాంచిన ఎల్.వి. ప్రసాద్ కూడా చిన్న పాత్ర ధరించారు. ఈ చిత్రం 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దైవాన్ని మరొక పేరుతో కొలిచే వ్యక్తి, తనకు రాని భాషలో విష్ణుభక్తుని కథకు పెట్టుబడి పెట్టడం గమనింపదగిన విషయం.

ఇరానీ తన పూర్వీకుల భాషను కూడా మరువలేదు. అబ్దుల్ హుస్సేన్ సెపంతా సహకారంతో తొలి పారశీక టాకీ 'దుఖ్తరే లుర్'ను బొంబాయిలో నిర్మించి 1933లో ఇరాన్‌లో ప్రదర్శింపజేశారు. 1937లో 'కిసాన్ కన్య'ను వర్ణచిత్రంగా అందించారు. దేశంలోనే రంగులద్దుకొన్న తొలి హిందీ చిత్రమది. 1969 అక్టోబర్ 14న ఆయన బొంబాయిలో కన్నుమూశారు.

'ఆలం ఆరా' ప్రతి ఒక్కటైనా నేడు లభ్యం కావడం లేదు. ఆయన పుట్టిన సమాజం కూడా క్షీణిస్తున్నది. 2011 జనగణన ప్రకారం దేశంలో పార్సీల సంఖ్య 57,264 మాత్రమే. అయినా సబ్బవరం వంటి ఊరిలో ఒక విద్యార్థి తెలుగు చిత్రంలో తన భాషను తాను వినగలుగుతున్నాడంటే, అందుకు పునాది వేసినవారిలో ఈ పరభాషీయుడు, పరమతస్థుడు ఉన్నాడని గుర్తుంచుకొనడం మన విధి.

ప్రశ్నలు
1. జొరాస్ట్రియన్ మత విశ్వాసాలను, ఆచారాలను వివరించండి.
2. 'ఆలం ఆరా' నిర్మాణంలో ఇరానీ ఎదుర్కొన్న ఇబ్బందులేవి?
3. తెలుగు చలనచిత్రానికి ఇరానీ చేసిన సేవను తెలపండి.