సర్ విలియం మెక్యూయెన్ చరిత్రము

మన పాఠశాలలో దాదాపు ప్రతి తరగతియందును చెవిలో దూది పెట్టుకొని కూర్చుండు పిల్లలు ఒకరిద్దరు కనబడుచుందురు. వారు పిలిచినప్పుడు పలుకకున్న పరధ్యానమని మనము గద్దింతుము. చెవి కారుట పిల్లలకు మామూలే, పెద్దయిన పిమ్మట అదియే మానునని తలిదండ్రులందురు. ఇట్లు తేలికగా నెంచబడు ఆ చీము ఏ దారిని ఎచ్చటికి పోవునో కనిపెట్టి, దాని వెంబడి పోయి యనేకులను బ్రతికించిన యొక వైద్యుని చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాను.

విలియం మెక్యూయెన్ 1848వ సంవత్సరము జూను నెల 22వ తేదీన, స్కాట్లండు పడమటి తీరముననున్న బ్యూటు ద్వీపములో జన్మించెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున వైద్యము చదివి 1869లో పట్టము పొందెను. ఆయన చదువుకొను దినములలో అచ్చటి శస్త్రచికిత్సాచార్యుడు జోసెఫ్ లిస్టరు. గాయములు చీముపట్టుటకు సూక్ష్మజీవులే కారణమని గ్రహించి, కార్బాలిక్ ఆమ్లముతో వాని నణచినవాడు ఈ లిస్టరే. శిష్యుడు గురువుగారి మార్గమున నడచి, అంతటితో నాగక, పనిముట్లను గుడ్డలను మరిగించి శుద్ధిచేయు పద్ధతిని గూడ నవలంబించెను. కొంతకాలము పోలీసు వైద్యుడుగా నుండుటచేత తలకు దెబ్బలు తగిలినవారిని, స్మారకము తప్పినవారిని పరీక్షించు నలవాటు ఆయనకు మిక్కుటముగా కలిగెను.

1876లో నొక బాలుని ఆయనకు చూపిరి. బాలుడు పడిపోగా ఎడమ కనుబొమ్మ మీద గాయమయ్యెను. కొన్ని దినములకు జ్వరము వచ్చెను, కుడిప్రక్క అవయవములు కొట్టుకొనెను, మాట పడిపోయెను. మాటాడు శక్తికి స్థానము మెదడులో ఎడమవైపున ముందుభాగమందున్నదని ఫ్రాన్సు దేశపు బ్రోకా 1861లో చూపియుండెను. మెక్యూయెన్ ఆ సంగతిని ఈ బాలుని లక్షణములతో సరిపోల్చి, చీముగడ్డ ఫలాని చోటనే యున్నదనియు, పుర్రెను తెరచి చీమును తీసివేయవలెననియు చెప్పెను. ఇంటివారు సమ్మతింపలేదు. ప్రేమ లేక కాదు. అట్టి చికిత్సను అంతకుముందు వారెన్నడును వినలేదు, బిడ్డ తల తెరతుమన్న ఏ తల్లి ఒప్పుకొనును? బాలుడు మరణించెను. మరణానంతరము అనుమతి దొరకగా, ఆయన తాను బ్రతికియుండగా చేయదలచిన రీతినే ఆ చోట తెరచి చూచెను. చీముగడ్డ చెప్పిన చోటనే యుండెను.

ఈ బాలుని వ్యాధి దెబ్బవలన కలిగినది. కాని మెదడులో చీము చేరుటకు ఎక్కువ సామాన్యమైన ద్వారము చెవియని ఆయన అనేక రోగులను చూచి తెలిసికొనెను. కర్ణభేరికి లోపల మధ్యకర్ణమను చిన్న గది గలదు. దాని పైకప్పు పలుచని యెముక. ఆ కప్పుపైన మెదడు ఆనియుండును. వెనుకవైపున, మనము చెవివెనుక తడవి చూచుకొను గట్టి యెముకలో తేనెపట్టువలె గాలిగదులున్నవి. వానికి ఆవల మెదడునుండి రక్తము దిగివచ్చు పెద్ద సిర, చిన్నమెదడు ఉన్నవి. చీము ఎముకను తినివేసి పైకి పోయిన మెదడుపొరల వాపు గాని, మెదడులో గడ్డ గాని కలుగును; వెనుకకు పోయిన సిరలో రక్తము గడ్డకట్టి కుళ్లును.

ఒక్కొక్కదానికి గుర్తులు వేరు. పొరలు వాచినచో తీవ్రమైన జ్వరము, మెడ బిగియుట, వెలుతురు చూడలేకపోవుట. సిర చెడినచో మాటిమాటికి చలి వణకు వచ్చి జ్వరము ఎక్కుచు దిగుచుండుట. గడ్డ కట్టినచో తలనొప్పి, వాంతులు, మగత, అడిగినదానికి తడవుగా జవాబు చెప్పుట, నాడి మందగించుట. ఇందులో మోసకరమైన దేమనగా, గడ్డ గలవానికి జ్వరము తగ్గి శరీరము చల్లబడవచ్చును. చూచువారు నయమైనదని సంతోషింతురు. చాలదినములుగా కారు చెవి హఠాత్తుగా ఎండిపోయి తలనొప్పి మొదలైన, అదియు నట్టిదే. వెల్లుల్లి నూనె కాచి పోయుటకు అది సమయము కాదు. ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. చెవివెనుక వాచి, చెవిదొప్ప ముందుకు త్రోయబడినను అంతే.

చికిత్సలో ఆయన మొదట చీము పుట్టిన చోటును శుభ్రపరచును. చెవిరంధ్రమునకు వెనుక, కొంచెము పైగా, ఎముకమీద నొక చిన్న త్రికోణస్థలమును ఆయన గుర్తించెను. పెద్దలలో అచ్చటినుండి సుమారు అరయంగుళము లోపల గాలిగదులలో పెద్దదైన గది దొరకును. 1893లో ఆయన ప్రకటించిన గ్రంథమునుబట్టి, మెదడులో చీముగడ్డకు శస్త్రచికిత్స పొందిన 19 మందిలో 18 మంది బ్రతికిరి. అప్పటికి ఎక్సురే లేదు, పెన్సిలిన్ లేదు. ఆయనకున్న సాధనములు కన్ను, వ్రేలు, నాడి, రోగిచెంత కూర్చుండు ఓపిక. నేడు స్కాను చిత్రములును సూక్ష్మజీవులను చంపు మందులును గలవు. అయినను గడ్డ పెద్దదైనప్పుడు చీమును తీయక తప్పదు.

1892లో ఆయన లిస్టరు కూర్చున్న ఆచార్యపీఠమునకే నియమింపబడెను. దొడ్డికాళ్ల పిల్లల యెముకలను సరిచేయుటలోను ఆయనకు గొప్ప పేరు కలదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రివారు పిలిచినను పోలేదు. నర్సులకు మొదట పాఠములు చెప్పి, పిదప రోగులయొద్దకు పంపవలెనన్న రెబెకా స్ట్రాంగుగారికి ఆయన తోడుపడగా, 1893లో గ్లాస్గో రాయల్ ఆసుపత్రిలో అట్టి శిక్షణ ప్రారంభమయ్యెను. 1902లో సర్ బిరుదము వచ్చెను. యుద్ధమున కాలుచేతులు పోగొట్టుకొన్న సైనికులకై 1916లో ఎర్స్కిన్‌నందు ఆసుపత్రి నెలకొల్పుటలో ముఖ్యుడై, క్లైడు నదీతీరమున ఓడలు కట్టు పనివారిచేత కొయ్యకాళ్లు చేయించెను. ముసలితనమున జింకకొమ్ములు ఎట్లు పెరిగి రాలునో పరిశీలించి 1920లో నొక పుస్తకము వ్రాసెను. 1924 మార్చి 22వ తేదీన పరలోకగతుడయ్యెను.